పిండినల్లి ముచ్చట

దేవరకొండ

అరేయ్ యాదగిరీ,

మంచిగున్నవా? పత్తి చేన్లల్ల గిన్నెలు పెట్టుకుంట తిరుగుతున్నవటనని ఫోన్ల ఎక్కిరిస్తివి గద. రెండు మాటలల్ల ఒడిసే ముచ్చట గాదని రాస్తున్న.

అవి పసుపురంగు గిన్నెలు. నీళ్లు పోసి, రెండు సబ్బు చుక్కలేసి సాళ్ల నడుమ పెడత. పువ్వనుకొని వాలిన పురుగు మునిగిపోతది. మాపటికి వడగట్టి స్పిరిట్ల వేస్త. ఈగలు, చీమలు ఏరేసినంక నలుసంతయి మిగుల్తయ్, నాకు గవే కావాలె. పరాన్న కందిరీగలు. వేరే పురుగు గుడ్డులనో ఒంట్లనో గుడ్డు పెడతయ్, పిల్ల దాన్ని లోపల్నుంచి తినుకుంట పెరుగుతది. చేన్ల పురుగు గుడ్లను సంపనీకి ఆకులకు కట్టే అట్టముక్క, ట్రైకోకార్డుల ఉండేది గసొంటిదే.

పత్తికి పిండినల్లి, గదే తెల్లపిండి పూసినట్టుండి రసం పీల్చే పురుగు, పట్టి మందులకు పైసలన్నీ పోసిన ఏండ్లు యాదికున్నయా? అది అమెరికా దిక్కు పురుగు. ఎవ్వలూ తెచ్చి వదలకుండనే ఓ నల్ల కందిరీగ దాని మీద పడ్డది. 2009ల అలీగఢ్ యూనివర్సిటీల పురుగుల శాస్త్రం చదివిన హయాత్ సారు దాన్ని కొత్త జాతి అని ‘ఏనాసియస్ బాంబావాలై’ అని పేరు పెట్టిండు. కొన్నేండ్లకు తేలిందేందంటె, అమెరికాల ఎప్పుడో పేరు పెట్టిన ‘ఏనాసియస్ అరిజోనెన్సిస్’, ఇదీ ఒక్కటేనట! ఈ కుటుంబం కందిరీగలల్ల ఆయన మన దేశానికే పెద్ద దిక్కు. అసొంటాయనకే గట్లయితె మనమెంత?

గందుకే ‘కొత్తది దొరికింది’ అని నేను తొందరపడ. వయ్యారిభామ మీది పిండినల్లిల నుంచి ఒకటెల్లింది, మీసాల కణుపులు ఏ పుస్తకంల లెక్కకూ కలుస్తలేవు. డీఎన్ఏ చేపిస్తె అయిపాయె అంటరు అందరు. డీఎన్ఏ ఇది వేరే అని చెప్తది గని, నూరేండ్ల కింద పేరు పెట్టి మ్యూజియంల సూదికి గుచ్చిన పురుగు ఇదేనా అంటె, ఆ పురుగునే కండ్లతోని చూడాలె. అందాంక దాని ఫొటోలన్న పంపుమని మ్యూజియపోళ్లకు ఉత్తరాలు రాసి కూసున్న.

ఇగ నీతోని పని. అచ్చంపేట చేన్ల పిండినల్లి కనవడితె, మందు కొట్టకముందు ఆకు తిప్పి చూడు. పిండి రాలి, గోధుమరంగుకొచ్చి గట్టిగ ఉబ్బినయి ఉంటె సచ్చినయని పారెయ్యకు, లోపల కందిరీగ ఉన్నట్టు. గుండ్రటి బొక్క పడ్డయి వద్దు, అండ్లకెళ్లి ఎల్లిపోయింది. ఆకుతోనే తెంపి గోలీల సీసలేసి, మూతకు బదులు దూది పెట్టు. ఊరు, తేదీ, ఏ చెట్టు మీదనో చిట్టి రాసి అండ్లనే వెయ్యి. పెన్సిల్‌తోనే రాయి, పెన్ను రాత స్పిరిట్ల కరిగిపోతది. బతుకమ్మకు చెల్లెను తోలుకపోనీకి వస్త గద, అప్పుడు తీస్కుంట. అప్పటిదాంక మందు డబ్బా ముట్టకు, నీకు దండం పెడత.

నీ
నర్సింహ