రక్తసంబంధాల ఛాయాచిత్రాలు కళ కావా?

సంపాదకులకు నమస్కారం.

ఒక వంశంలోని వారందరినీ వరుసగా ఫోటోలు తీసి ప్రదర్శించడం కళ ఎలా అవుతుందన్న ప్రశ్న, అమెరికన్ ఛాయాచిత్రకారిణి టారిన్ సైమన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది. ‘ఎ లివింగ్ మ్యాన్ డిక్లేర్డ్ డెడ్ అండ్ అదర్ చాప్టర్స్’ అన్న పేరుతో 2008 నుంచి 2011 వరకు ఆమె దేశదేశాలు తిరిగి రూపొందించిన 18 అధ్యాయాల కృతిని చూసి, గుర్తింపు కార్డు ఫోటోలను గోడకు అంటించినట్లుందని తీసిపారేసేవారు ఉన్నారు. ఆ పోలికలో నిజం ఉంది. అయితే ఆ కృతి శక్తి కూడా అక్కడే ఉందని నా వాదన.

దాదాపు ప్రతి అధ్యాయంలోనూ ఎడమవైపు ఒకే రక్తానికి చెందిన వారి చిత్రాలు వరుసక్రమంలో ఉంటాయి; మధ్యలో వారి కథను చెప్పే పాఠం, కుడివైపు దానికి సంబంధించిన ఆధారాల చిత్రాలు ఉంటాయి. అందరి వెనుకా లేత రంగు తెర ఒకటే, అందరి మీదా వెలుతురు ఒకటే, నవ్వుగాని ఏడుపుగాని కనిపించదు. మొత్తం కృతికి పేరునిచ్చిన అధ్యాయం ఉత్తరప్రదేశ్‌లోని ఒక రైతుది. ఆయన వాటా భూమికి ఆశపడిన బంధువుల పుణ్యాన, ఆయన బతికుండగానే ప్రభుత్వ రికార్డులలో మరణించినవాడయ్యాడు. అటువంటి మనిషిని దస్త్రంలో అతికించే ఫోటోలాగే, తన రక్తసంబంధీకుల వరుసలో, సూటిగా కెమెరా వైపు చూస్తూ కూర్చోబెట్టినప్పుడు, కార్యాలయం అబద్ధాన్ని స్థాపించడానికి వాడుకున్న దస్త్రపు రూపమే ఆ అబద్ధాన్ని ఖండించే సాక్ష్యంగా మారుతోంది. నాటకీయమైన నీడలతో, కళ్ళలో నీళ్ళతో తీసి ఉంటే జాలి కలిగేదేమోగాని ఈ ఖండన సాధ్యమయ్యేది కాదు.

ఇక, ఫోటోగ్రాఫర్‌కు సహజంగా ఉండే స్వేచ్ఛ ఎవరిని చూపాలో, ఎవరిని వదలాలో ఎంచుకోవడం. సైమన్ ఆ స్వేచ్ఛను తానే వదులుకుంది. కెన్యాలో తొమ్మిదిమంది భార్యలు, 32 మంది సంతానం, 63 మంది మనుమలు ఉన్న ఒక సంప్రదాయ వైద్యుని వంశాన్ని ఎంచుకున్న తరువాత, ఆ వరుసలో ఆసక్తికరమైన ముఖానికి ఎంత చోటో సాధారణమైన ముఖానికీ అంతే చోటు ఇవ్వవలసి వచ్చింది. యతిప్రాసలకు కట్టుబడిన పద్యకవి పనితనం ఆ కట్టుబాటులోనే బయటపడినట్లు, ఇక్కడ కళ ఎవరినీ వదలకూడదన్న ఆ నియమాన్ని ఏర్పరచుకోవడంలోనూ, చివరిదాకా తప్పకుండా పాటించడంలోనూ ఉంది.

ఆ నియమం నుంచే ఖాళీ చట్రాలు పుట్టాయి. బతికి ఉండి కూడా ఫోటోకు రాలేకపోయినవారి స్థానాన్ని ఆమె ఖాళీగానే ఉంచింది. డెంగీ జ్వరం, జైలు, సైన్యంలో ఉద్యోగం, ఆడవారిపై మతమూ ఆచారమూ విధించిన ఆంక్షలు వంటి కారణాలను పక్కనున్న పాఠం చెబుతుంది. బోస్నియాలో 1995 నాటి స్రెబ్రెనిత్సా ఊచకోతకు బలైన కుటుంబపు అధ్యాయంలో పరిస్థితి మరింత దారుణం. అక్కడ చనిపోయినవారికి చెందవలసిన స్థానాలలో, డీఎన్ఏ పరీక్షతో వారిని గుర్తించడానికి ఉపయోగపడిన ఎముక, పన్ను ముక్కల చిత్రాలు ఉన్నాయి. బతికున్నవారి ముఖాల పక్కనే, అదే వరుసలో, అదే కొలతలో వాటిని చూసినవారు దానిని ఉత్త సమాచార సేకరణ అనగలరని నేను అనుకోను. ఉక్రెయిన్ అనాథాశ్రమంలోని పిల్లలకు కేటాయించిన అధ్యాయంలో చూపడానికి వంశమే లేదు. మిగిలిన అధ్యాయాలన్నీ దేనిమీద నిలబడ్డాయో అది లేనివారిని కూడా ఆ కృతిలో చేర్చడం ఆలోచించి చేసిన పని.

పాఠం లేకపోతే ఆ చిత్రాలు ఏమీ చెప్పవు కదా, కాబట్టి గొప్పతనం రాతదే కదా అన్న మరో అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. కాని పాఠం ఒక్కటే చదివినా మిగిలేది వార్తే. చదివి మళ్ళీ ముఖాల వైపు తిరిగినప్పుడు, జరిగినదాని జాడ ఆ ముఖాలలో ఎక్కడా దొరకక మనం పడే తికమక ఆ రెండూ కలిస్తేనే కలుగుతుంది.

రక్తసంబంధాన్ని చిత్రించిన ప్రతిదీ కళేనని మాత్రం నేను అనను. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ అనేక ముఖాలను ఒకదానిపై ఒకటి ముద్రించి నేరస్థుల ‘నమూనా ముఖం’ తేల్చబోయాడు. 1883లో ‘యూజెనిక్స్’ (మేలైన వంశాలవారే సంతానాన్ని పెంచుకోవాలన్న వాదం) అన్న మాటను సృష్టించినదీ ఆయనే. ఆ భావజాలం తరువాతి కాలంలో ఎన్ని ప్రాణాలు తీసిందో లోకమెరుగును. గాల్టన్ మనుషులను ఒకే ముఖంలో కరిగించాడు, సైమన్ ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టింది. వంశం పేరు చెప్పి మనిషి గుణాన్ని తేల్చేసే అలవాటు ఇంకా పోని ఈ రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఫోటో కళ కాగలదా అన్న సాధారణ ప్రశ్నను ఫ్రాన్స్ న్యాయస్థానం 1862లోనే విచారించి, కాగలదని చెప్పింది. దానిని మళ్ళీ తవ్వనవసరం లేదు.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఇటువంటి కృతుల గురించి రాసేటప్పుడు ఆకర్షణీయమైన ఒక్క ముఖాన్ని కత్తిరించి వేయకుండా, కనీసం ఒక అధ్యాయాన్నైనా పూర్తి వరుసతో, పాఠంతో, ఖాళీ చట్రాలతో సహా ముద్రించండి. అప్పుడు అది కళా కాదా అన్నది పాఠకులు స్వయంగా చూసి నిర్ణయించుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు