వీపీఎన్ ఆగితే సిగ్నల్‌ను తిట్టకండి

సంపాదకుల వారికి,

సిమ్ డేటా మీద వీపీఎన్ మొరాయిస్తే సర్వర్ మార్చమనీ, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనీ మీ సాంకేతిక శీర్షికలో సలహాలు వస్తున్నాయి. లినక్స్ వాడేవాళ్లకు వాటితో ఒరిగేది తక్కువ. వైఫైలో చక్కగా నడిచింది సిమ్ మీదికి రాగానే ఆగిందంటే సాఫ్ట్‌వేర్‌ను కాదు, దారిని అనుమానించాలి.

ముందు హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులూ ఒకదాన్నొకటి గుర్తించే తొలి పలకరింపు, చూడాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో ఇంటర్‌ఫేస్ (యంత్రంలో వీపీఎన్ ద్వారం) లేచినంత మాత్రాన అవతలివైపుతో సంబంధం కుదిరినట్టు కాదు. సర్వర్ పలక్కపోయినా అది కిమ్మనదు. రూట్‌గా (నిర్వాహక హక్కులతో) ‘డబ్ల్యూజీ షో’ ఆదేశం కొడితే చివరి హ్యాండ్‌షేక్ ఎప్పుడు జరిగిందో, ఎన్ని బైట్లు వెళ్లాయో, ఎన్ని వచ్చాయో కనబడుతుంది. వెళ్లేవి పెరుగుతూ వచ్చేవి సున్నా దగ్గరే ఉంటే సర్వర్ నుంచి జవాబే రావడం లేదు. అలా కాక హ్యాండ్‌షేక్ తాజాగా ఉండి, పింగ్ (చిన్న పరీక్ష ప్యాకెట్) వెళ్తూ, వెబ్ పేజీలు మాత్రం సగంలో బిగుసుకుపోతే అది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) జబ్బు. జనం సిగ్నల్ మీదికి నెట్టేసేది ఎక్కువగా దీన్నే.

వైర్‌గార్డ్ తన ఎంటీయూను సాధారణంగా 1420గా పెట్టుకుంటుంది. బయటి దారి 1500 బైట్లు మోస్తుందని దాని లెక్క. మొబైల్ దారి చాలాచోట్ల అంత మోయదు. చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, పెద్దవి రాలిపోతాయి. ‘పెద్దదైంది, తగ్గించు’ అని చెప్పాల్సిన ఐసీఎంపీ కబురును మధ్యలో ఏ ఫైర్‌వాలో మింగేస్తే పంపినవాడికి సంగతే తెలియదు. పరీక్ష సులువే. వీపీఎన్ ఆపి, ముక్కలు చేయవద్దనే ఆప్షన్‌తో సర్వర్‌కు 1472 సైజు పింగ్ పంపండి. ఐపీవీ4 (పాత చిరునామా పద్ధతి, కొత్తది ఐపీవీ6)లో హెడర్ల 28 కలిస్తే అది 1500. వెళ్లకపోతే తగ్గించుకుంటూ రండి. 1372 దగ్గర దాటిందనుకుందాం. అంటే దారి 1400. అందులో వైర్‌గార్డ్ ఖర్చు ఐపీవీ4 మీద 60, ఐపీవీ6 మీద 80. కనుక 1340 లేదా 1320 పెట్టాలి. ఇంత లెక్క ఎందుకనుకుంటే కాన్ఫిగ్ ఫైల్ ఇంటర్‌ఫేస్ భాగంలో నేరుగా 1280 రాసేయండి, వేగంలో పోయేది స్వల్పమే. అంతకంటే దిగితే మాత్రం లినక్స్ ఆ ఇంటర్‌ఫేస్ మీద ఐపీవీ6ను ఆపేస్తుంది. ఆ యంత్రమే ఇతరులకు రూటర్‌గా ఉంటే టీసీపీ ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లను దారికి సరిపడేలా కుదించే) నియమమూ చేర్చాలి.

హ్యాండ్‌షేకే జరగనప్పుడు కథ వేరు. కొన్నిసార్లు సిమ్ ఫోన్‌లో ఉంటే వీపీఎన్ నడుస్తుంది, అదే సిమ్ లినక్స్ యంత్రానికి తగిలించిన డాంగిల్‌లో పెడితే నడవదు. ఆపరేటర్ ఐపీవీ6 మాత్రమే ఇచ్చేచోట ఐపీవీ4ను అనువదించే పని ఆండ్రాయిడ్ తనంతట తాను చేసుకుంటుంది, లినక్స్‌లో చాలా వ్యవస్థలు చేయవు. మోడెమ్‌ను చూసే ‘ఎంఎంసీఎల్ఐ’ ఆదేశంతో బేరర్ (ఆపరేటర్‌తో కుదిరిన డేటా సంబంధం) వివరాలు తీసి ఐపీవీ4 చిరునామా వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఏపీఎన్ (ఆపరేటర్ నెట్‌లోకి చేరే సెట్టింగు)లో ఐపీ రకాన్ని ‘ఐపీవీ4వీ6’గా మార్చి చూడాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్‌ను సూచించే ఎండ్‌పాయింట్‌లో అంకెల చిరునామా బదులు సర్వర్ పేరు రాస్తే, ఆపరేటర్ డీఎన్ఎస్64 (ఐపీవీ4 సర్వర్ పేరుకు ఐపీవీ6 చిరునామా కల్పించే సేవ) నడిపేచోట అదీ దారి చూపుతుంది.

కాసేపు వదిలేస్తే అవతలివైపు నుంచి యంత్రాన్ని అందుకోలేకపోవడం మరో ఫిర్యాదు. బేరర్ చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ (ఒకే చిరునామాను పలువురికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. కదలిక లేని యూడీపీ (వైర్‌గార్డ్ వాడే రవాణా పద్ధతి) దారిని అది మూసేస్తుంది. కాన్ఫిగ్ ఫైల్ పీర్ (అవతలి యంత్రం) భాగంలో పర్సిస్టెంట్ కీపలైవ్ (ఆగి ఆగి చిన్న ప్యాకెట్ పంపడం) 25 సెకన్లు పెడితే తెరిచి ఉంటుంది. బయటి నుంచి లోపలికి రానక్కర్లేని ల్యాప్‌టాప్‌కు ఇది అనవసరం, బ్యాటరీ దండగ.

యూడీపీనే అడ్డుకునే నెట్‌వర్క్‌లో వైర్‌గార్డ్‌తో కుస్తీ పట్టకండి, దానికి టీసీపీ లేదు. ఓపెన్‌వీపీఎన్ అనే మరో వీపీఎన్‌ను టీసీపీ 443 పోర్టు మీద పెట్టడం ఒక మార్గం. నెమ్మదిస్తుంది, కానీ నడుస్తుంది.

పాఠకుల ప్రశ్నకు జవాబు ఇచ్చే ముందు హ్యాండ్‌షేక్ సమయం, బేరర్ చిరునామా, దాటిన అతిపెద్ద పింగ్ సైజు, ఈ మూడూ రాయమని అడగవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు