బ్యాక్టీరియా పొడి విడిగా అమ్మడం ఆపేస్తున్నాం, ఎందుకంటే

భీమవరం, పాలకొల్లు, తణుకు చుట్టుపక్కల మా దగ్గర సెప్టిక్ ట్యాంకు నీటిలోకి గాలి కొట్టే మోటారు పెట్టించుకున్నవాళ్లకీ, పెట్టించుకోవాలని ఫోన్ చేస్తున్నవాళ్లకీ ఈ నాలుగు మాటలు.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు విడిగా అమ్మం. మోటారు బిగించిన రోజు ట్యాంకులో వేయాల్సింది మేమే వేస్తాం, దానికి వేరే డబ్బులు తీసుకోం. ఒకే గది ఉన్న ట్యాంకుకు మోటారు బిగించం. ఏడాదికోసారి చెకింగ్‌కు ఒప్పుకున్నవాళ్లకే కొత్త ఫిట్టింగ్ చేస్తాం. ఈ మూడింటివల్లా మాకు కొంత వ్యాపారం తగ్గుతుంది. తెలిసే చేస్తున్నాం.

ముందు పొడి సంగతి. షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే. "మోటారూ గీటారూ ఎందుకండీ, నెలకో ప్యాకెట్ పడేస్తే మడ్డంతా కరిగిపోతుందంట కదా, అదివ్వండి చాలు." ట్యాంకు ఇక జన్మలో తీయించక్కర్లేదని ప్యాకెట్ మీద రాసి ఉంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ట్యాంకులో బ్యాక్టీరియాకు ఎప్పుడూ కరువు లేదు. మనిషి మలంలోనే లెక్కలేనన్ని ఉంటాయి, రోజూ కొత్తవి వచ్చి పడుతూనే ఉంటాయి. మామూలు ఇంటి సెప్టిక్ ట్యాంకుకు ఇలాంటి పొడులూ ద్రావణాలూ అవసరం లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతోంది. మన దేశంలో సెప్టిక్ ట్యాంకులకున్న ఐఎస్ 2470 ప్రమాణం కొత్త ట్యాంకు వాడకంలోకి తెచ్చేటప్పుడు బాగా కుళ్లిన మడ్డి కొంచెం వేయమంటుంది, అది దొరక్కపోతే పేడ. మన పెద్దవాళ్లు కొత్త ట్యాంకులో పేడనీళ్లు పోయించడం ఉత్త నమ్మకమేమీ కాదన్నమాట. కాకపోతే అది మొదట్లో ఒక్కసారికే.

కరువల్లా గాలికే. ఈ మాట మన ప్రాంతంవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఎంత ఖరీదైన ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా మందు) చల్లినా రొయ్యలు బతకవు. అప్పుడు ఆదుకునేది నీటిలో గాలి కలిపే ఏరేటరే. సెప్టిక్ ట్యాంకులోనూ అంతే. గాలి తగలని చోట ఒక రకం బ్యాక్టీరియా నెమ్మదిగా, అరకొరగా పని చేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడూ, మంటకు అంటుకునే మీథేనూ అక్కడ పుట్టేవే. అలాంటి మామూలు ట్యాంకు మురుగులోని బీవోడీని, అంటే కుళ్లే సరుకును, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించగలదు. మిగిలింది అలాగే బయటికి పోతుంది. అదే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలబెట్టగలిగితే గాలి పీల్చే బ్యాక్టీరియా పుంజుకుంటుంది, మిగిలిన సరుకులో చాలా భాగాన్ని అది తినేస్తుంది. ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగునీటికి గాలి పట్టించి, అడుగుకు దిగిన మడ్డిని పారేయకుండా మళ్లీ మళ్లీ వాడి చూశారు. అంతకుముందు వారాలు పట్టిన శుద్ధి గంటల్లో అయింది. ఇవాళ ఊళ్లకు కట్టే పెద్ద ఎస్టీపీల్లో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో, చాలావాటికి మూలం అదే.

గాలి ఎక్కడ కొట్టాలన్నది కూడా అంతే ముఖ్యం. ఒకే గది ట్యాంకులు వద్దంటున్నది ఇందుకే. మొదటి గదిలో బరువైనవి అడుగుకు దిగాలి, నూనే జిడ్డూ పైకి తెట్టుగా తేలాలి, మధ్యలో నీళ్లు ముందుకు పోవాలి. నీళ్లు కదలకుండా ఉంటేనే ఇది జరుగుతుంది. అక్కడ డిఫ్యూజరు (గాలిని సన్నటి బుడగలుగా వదిలేది) దింపి బుడగలు కొట్టిస్తే అడుగున ఉన్నదంతా పైకి లేచి అవుట్‌లెట్ గుండా సోక్ పిట్టులోకి, అంటే ఇంకుడు గుంతలోకి, పోతుంది. వాసన తగ్గిందని సంతోషించేలోపే సోక్ పిట్టు పూడుకుపోతుంది. అందుకే మొదటి గదిని మేం ముట్టుకోం. రెండో గదిలో గాలి పెడతాం. మూడో గదిలో మళ్లీ నిశ్చలంగా ఉండాలి, బ్యాక్టీరియా ముద్దలు అడుగుకు దిగి, పైన తేరిన నీరు మాత్రమే బయటికి పోవాలి. మీ ట్యాంకుకు రెండు గదులే ఉంటే పక్కన చిన్న చాంబరు కట్టించుకోండి. సిమెంటు వరలు దించి అడుగు కాంక్రీటు చేసినా సరిపోతుంది. కొలతలు మేం రాసిస్తాం, పని మీ తాపీమేస్త్రితోనే చేయించుకోవచ్చు.

ఇక ఎవరూ వినడానికి ఇష్టపడని మాట. గాలి మోటారు పెట్టినా ట్యాంకు తీయించాల్సిందే. పైగా గాలి పీల్చే బ్యాక్టీరియా తిన్నదానిలో చాలా భాగాన్ని తన ఒళ్లుగా మార్చుకుంటుంది, పిల్లల్ని పెడుతుంది. ఆ చచ్చినవీ బతికినవీ కలిసి మడ్డే అవుతాయి. గాలి లేని ట్యాంకులో ఈ రకం మడ్డి తక్కువే పుడుతుంది, గాలి ఉన్న చోట ఎక్కువ పుడుతుంది. మోటారు వల్ల నీరు శుభ్రపడుతుంది, వాసన పోతుంది, సోక్ పిట్టు ఎక్కువ కాలం ఇంకుతుంది. మడ్డి మాయమవడం మాత్రం జరగదు. మామూలు ట్యాంకునే రెండు మూడేళ్లకోసారి తీయించమని మన ప్రభుత్వ సూచనలు ఉన్నాయి. జపాన్‌లో ఇళ్లకు ఇలాంటి గాలి ట్యాంకులే పెడతారు, జోకాసో అంటారు. వాటికోసం 1983లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. ఏటా తనిఖీ జరగాలి, మడ్డి తీయించాలి, అది ఇంటివాళ్ల బాధ్యత. అక్కడ ఈ పద్ధతి నిలబడింది మోటార్ల గొప్పతనం వల్ల మాత్రమే కాదు, ఏటా మనిషి వచ్చి మూత తీసి చూడటం వల్ల. మేం చెకింగ్ తప్పనిసరి చేస్తున్నది అది చూసే.

చెకింగ్‌లో ఏం చేస్తామో చెబుతాను, మీరు కూడా పక్కనుండి చూడండి. మా కుర్రాడు లీటరు గాజు జాడీతో రెండో గదిలో బుడగల మధ్య నుంచి నీళ్లు ముంచి, మెట్టు మీద కదలకుండా పెడతాడు. మొదట జాడీ అంతా గోధుమ రంగు కలకగా ఉంటుంది. కాసేపటికి ఆ కలకలో సన్నటి రేకులు విడివిడిగా కనబడతాయి, ఒకదానికొకటి అంటుకుని ముద్దలై మెల్లగా దిగుతాయి. అరగంటకు పైభాగం తేరిపోయి, జాడీ వెనక పెట్టిన వేలు స్పష్టంగా కనిపిస్తుంది. కుళ్లు కంపు ఉండదు, తడి మట్టి వాసన వస్తుంది. దిగిన ముద్ద జాడీలో సగం దాటితే మడ్డి లాగే బండిని పిలిపించుకోమంటాం. నీళ్లు నల్లగా ఉండి కంపు కొడితే గాలి సరిపోవడం లేదు, మోటారులో గాలి కొట్టే రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగిందో, డిఫ్యూజరు మూసుకుందో చూస్తాం. రేకులే లేకుండా పాలిపోయి తెల్లగా ఉంటే ఎవరో యాసిడో బ్లీచింగ్ పౌడరో బాగా గుమ్మరించి ఉంటారు. బాత్రూం కడగడానికి వాడే కాస్త క్లీనరుకు బ్యాక్టీరియా ఏమీ చావదు, సీసాలకు సీసాలు పోస్తేనే ఇబ్బంది.

శుద్ధి అయిన నీటి గురించి కూడా సూటిగా చెప్పాలి. అది కంటికి తేటగా ఉన్నా అందులో రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు మిగిలే ఉంటాయి. కొబ్బరి చెట్టు మొదట్లోనో అరటి పాదులోనో నేల లోపలికి పంపుకోండి. ఆకుకూరల మళ్లకు వద్దు, పిల్లలు ఆడే చోట పైన పారనివ్వొద్దు. ఇంకొకటి, గాలి తగిలితే మురుగులోని అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు, నీటితోపాటు కిందికి దిగిపోతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం. తాగునీటి బావికీ బోరుకీ ఇలాంటి మురుగు ఇంకే చోటుకీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలంటారు, అంటే దాదాపు 60 అడుగులు. అయిదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు అంత దూరం ఎక్కడ దొరుకుతుంది? అందులోనూ మన డెల్టాలో కాలవలకు నీళ్లు వదిలారంటే నేల కొంచెం తవ్వగానే ఊట. అలాంటి ఇళ్లవాళ్లు బోరు నీళ్లు తాగకండి, వంటకు కూడా వాడకండి. ఈ మాట చెప్పకుండా మోటారు అమ్మడం నాకు మనసొప్పదు.

చాలా ఇళ్లకు అసలు సోక్ పిట్టే లేదు. ట్యాంకు పైపు తీసుకెళ్లి సైడు కాలవలో కలిపేశారు. భీమవరంలో ఆ కాలవల నీళ్లు చేరేది యనమదుర్రు డ్రెయిన్‌కే, దాని రంగు మనందరికీ తెలుసు. ఒక్క ఇంటి మోటారుతో డ్రెయిన్ బాగుపడిపోతుందని నేననను. మన గేటు ముందు కాలవలో పారే నీరు కంపు కొట్టకుండా ఉండటం కూడా చిన్న సంగతి కాదు. నాకు ఈ పని మీద ఇష్టం పుట్టిందే అక్కడ. అయితే కాలవలో కలిపినవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పెద్ద వానలకు కాలవ పొంగితే ఆ నీళ్లు వెనక్కి తన్ని ట్యాంకులోకి వస్తాయి, పెంచుకున్న బ్యాక్టీరియా అంతా కొట్టుకుపోతుంది. అవుట్‌లెట్‌కు నీళ్లు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోండి. మోటారును ఎప్పుడూ ట్యాంకు నీటి మట్టం కన్నా ఎత్తులో, గోడకు బిగించాలి.

కరెంటు గురించి టెన్షన్ వద్దు. అయిదుగురున్న ఇంటికి మేం పెట్టేది సుమారు 50 వాట్ల మోటారు. ఇరవై నాలుగు గంటలూ తిరిగినా రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36. కొన్ని గంటలు కరెంటు పోతే ఏమీ కాదు. బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు ఆపేస్తే మాత్రం పని చెడుతుంది. పిల్లల దగ్గరికని హైదరాబాదో అమెరికానో నెలల తరబడి వెళ్లేవాళ్లు మాకు ఒక ఫోన్ చేసి వెళ్లండి. తిరిగొచ్చాక మళ్లీ పుంజుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంతవరకు కొంచెం వాసన ఉంటుంది. వంటింట్లో చేపలు కడిగిన నీళ్లు పోతే పర్లేదు. రొయ్య పొట్టు, చేప పేగులు, కాగిన నూనె సింకులో పోయకండి. డైపర్లు, ప్యాడ్లు అసలే వద్దు.

ఒక విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. ట్యాంకులోకి మనిషిని దింపొద్దు. మా మనుషులు దిగరు, ఎంత డబ్బిస్తామన్నా దిగరు. మోటారు ఉన్న ట్యాంకులోనూ మొదటి గదిలో గాలి ఉండదు, విషవాయువు ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి "వాసన రావడం లేదు కదా, దిగు" అనడం మనిషిని చంపడమే. రక్షణ పరికరాలు లేకుండా ఇలా దింపడాన్ని పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం నేరంగా చూస్తుంది. ఈ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఎంతిచ్చినా పోయిన మనిషి రాడు. పైపుతో లాగే బండినే పిలవండి, అదీ మడ్డిని పొలంలోనో కాలవలోనో వదిలే బండి కాకుండా చూసుకోండి. ఎక్కడ పారబోస్తున్నారని అడగండి, అడిగే హక్కు మీకుంది.

పాత కస్టమర్లకు మొదటి చెకింగ్ ఉచితం. తర్వాత ఏడాదికి 1,800 రూపాయలు, అందులో ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయడం, జాడీ పరీక్ష కలిసి ఉంటాయి. డయాఫ్రం మార్చాల్సి వస్తే దాని ధర వేరే, పాతది మీ చేతికే ఇస్తాం. వర్షాలకు ముందే అందరి ఇళ్లకూ రావాలని చూస్తున్నాం, తణుకు వైపు నుంచి మొదలుపెడతాం. వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తాం. మూతల మీద సిమెంటు వేసి మూసేసినవాళ్లు, పైన టైల్స్ పరిచినవాళ్లు ముందుగా తెరిపించి ఉంచండి. కొని దాచుకున్న పొడి ప్యాకెట్లు సీలు తీయకుండా ఉంటే షాపుకు తెచ్చివ్వండి, మీరిచ్చిన డబ్బులు చెకింగ్ బిల్లులో తగ్గిస్తాం.