పర్లాకిమిడి నుంచి: ఫోను టీవీ మీదికి ఎలా వచ్చిందంటే

ఒరేయ్ బావా,

ఫోను తెర టీవీలో ఎలా చూపించాలి, ఫోనులో టీవీ పేరు ఎందుకు రాదని నిన్న రాత్రి నువ్వు అడిగిన దానికి సగం చెప్పేలోపే ఇక్కడ కరెంటు పోయింది, ఆ తర్వాత సిగ్నలూ పోయింది. మహేంద్రగిరి వైపు మబ్బు పట్టిందంటే మా ఊళ్లో ఇంతే కదా. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాతలో ఉంటే రాయగడలో నీ టీవీ ముందు కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటావు, మళ్లీ మళ్లీ ఫోన్ చేసి ఏ బటన్ నొక్కాలని అడగక్కర్లేదు.

అసలు నాకు ఈ పని ఎందుకు పడిందో నీకు పూర్తిగా చెప్పలేదు. మా పెద్దది ఆరో తరగతికి వచ్చింది, బళ్లో అంతా ఒడియా. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది, పుస్తకం ఇస్తే మాత్రం నోరు మెదపదు. ఒకరోజు సున్న చూపించి ఇదేమిటే అంటే 'ఠ' అంది. దాని తప్పేమీ లేదు, ఒడియాలో ఠ అచ్చం మన సున్నలాగే గుండ్రంగా ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు రా. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే సరిహద్దు అవతల తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటారు, ఇక్కడేమో నా కూతురు సున్నని గుర్తు పట్టలేదు. అందుకే ఆదివారం పూట ఇంట్లో పాఠం మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే వీధిలోని పిల్లలు తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందికి ఒక చిన్న ఫోను తెర ఎక్కడ సరిపోతుంది? అప్పుడే టీవీ గుర్తొచ్చింది.

ఇక అసలు సంగతి. నా ఫోనులో స్క్రీన్ కాస్ట్, అదే ఫోను తెరని టీవీలో చూపించేది, నొక్కితే వెతుకుతోంది, వెతుకుతోంది, టీవీ పేరు రాదు. మూడు రోజులు పోయాయి. టీవీ కొన్న కొట్టుకు వెళ్తే కొత్త ఫోను కొనమన్నారు. నాకు చాలా కోపం వచ్చింది, ఫోను కొని ఏడాది కూడా కాలేదు. ఇంటికొచ్చి నిదానంగా చూస్తే ఫోనులో ఏ లోపమూ లేదు. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు మా ఫోన్లకి ఒక వైఫై పేరు, టీవీకి గెస్ట్ వైఫై పేరు ఇచ్చి వెళ్లాడు. రెండూ ఒకే రౌటర్ డబ్బా నుంచి వస్తున్నాయి, రెండింట్లోనూ వీడియోలు బాగానే ఆడుతున్నాయి, ఇక అనుమానం ఎందుకొస్తుంది? కానీ గెస్ట్ వైఫై అనేది ఇంటికొచ్చిన వాళ్లకి ఇంటర్నెట్ మాత్రమే ఇచ్చి, ఇంట్లోని మిగతా పరికరాల్ని కనపడనివ్వకుండా చేయడానికి పెట్టినది. టీవీని కూడా ఫోనున్న వైఫైలోకి మార్చాను, ఐదు సెకన్లలో పేరు వచ్చేసింది. పిల్లలంతా ఒక్కసారి అరిచారు, మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

నువ్వూ ముందు ఇదే చూడు. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా అని పేరు అక్షరం అక్షరం చదువు, చివర గెస్ట్ అని కానీ వేరే అంకె కానీ తగిలించి ఉండొచ్చు. ఫోనులో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పి పంపే యాప్) ఉంటే ఆపెయ్, అది ఉన్నా టీవీ కనపడకపోవచ్చు. బ్యాటరీ సేవర్ కూడా తీసెయ్. దగ్గర్లోని పరికరాల్ని వెతకడానికి అనుమతి అడిగితే ఇవ్వు, పాత ఫోన్లలో లొకేషన్ కూడా ఆన్‌లో ఉండాలి. ఇవన్నీ అయ్యాక టీవీని రిమోట్‌తో కాదు, గోడ దగ్గర ప్లగ్ పీకేసి ఒక నిమిషం ఆగి పెట్టు. రిమోట్‌తో ఆపితే అది కునుకు తీస్తుందంతే, పూర్తిగా ఆగదు.

ఇంకొకటి, ఇది తెలియకే అందరూ తికమక పడతారు. ఫోనులోది టీవీలో చూపించడానికి రెండు వేరువేరు దారులున్నాయి. ఒకటి మిరాకాస్ట్, 2012లో వచ్చింది. ఇందులో ఫోనూ టీవీ నేరుగా ఒకదానితో ఒకటి వైఫైతో మాట్లాడుకుంటాయి, ఇంటర్నెట్ అక్కర్లేదు, మధ్యలో రౌటర్ కూడా అక్కర్లేదు. రెండోది గూగుల్ కాస్ట్, క్రోమ్‌కాస్ట్‌తో 2013లో వచ్చింది. ఇప్పటి ఆండ్రాయిడ్ టీవీల్లో లోపలే ఉంటుంది, దీనికి మాత్రం రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఫోను ఒక దారిలో వెతుకుతూ టీవీ ఇంకో దారిలో ఎదురు చూస్తుంటే ఎంతసేపు కూర్చున్నా కలవవు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ ఉండదు. పేర్లు కూడా తలో రకం: శామ్‌సంగ్‌లో స్మార్ట్ వ్యూ అంటారు, ఇంకోదాంట్లో కాస్ట్, వేరేదాంట్లో వైర్‌లెస్ డిస్‌ప్లే. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట కాస్ట్ అని కొట్టు, దొరుకుతుంది. చెల్లెమ్మది ఐఫోన్ కదా, దానికి ఎయిర్‌ప్లే ఉన్న టీవీ కావాలి, ఆ ఫోనులో మిరాకాస్ట్ వెతికి లాభం లేదు.

యాప్‌లోని కాస్ట్ గుర్తు నొక్కడం, తెర మొత్తం చూపించడం కూడా ఒకటి కాదు. యూట్యూబ్‌లో ఆ గుర్తు నొక్కితే వీడియోని టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోను రిమోట్‌లా ఉంటుంది, నువ్వు ఫోను తెర ఆపేసినా ఆడుతూనే ఉంటుంది. పాఠానికి అది పనికిరాదు. నేను ఫోను మీద వేలితో 'క' రాస్తే అది టీవీలో పడాలి, పుస్తకం పేజీని రెండు వేళ్లతో పెద్దది చేస్తే ఒత్తు ఎక్కడ తగిలిందో చివరి వరుసలో పిల్లాడికీ కనపడాలి. అందుకు తెర మొత్తం మిర్రర్ చేయాల్సిందే. రాసిన గీత అర సెకను ఆలస్యంగా టీవీలో వస్తుంది. పిల్లలు దానికి అలవాటు పడ్డారు, గీత వచ్చేలోపే అక్షరం పేరు చెప్పేస్తున్నారు! మరీ ఆగి ఆగి వస్తుంటే ఫోనుని, టీవీని 5 గిగాహెర్ట్జ్ రకం వైఫైకి మార్చు, 2.4 గిగాహెర్ట్జ్ రకం దాంట్లో చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ కలిసి రద్దీగా ఉంటుంది. కాకపోతే 5 గోడ దాటి దూరం పోలేదు, రౌటర్ ఆ గదిలోనే ఉంటే మంచిది.

అమ్మ ఒకరోజు సినిమా పెట్టమంది. డబ్బు కట్టి చూసే యాప్ తెరిచి మిర్రర్ చేస్తే మాటలు వినపడుతున్నాయి, బొమ్మ మాత్రం నల్లగా ఉంది. అది పాడవడం కాదు, కాపీ చేయకుండా ఆ యాప్‌ల వాళ్లే అలా ఆపుతారు. అలాంటప్పుడు యాప్‌లోని కాస్ట్ గుర్తు వాడు, లేకపోతే ఆ యాప్‌ని టీవీలోనే పెట్టుకో. బొమ్మ వచ్చి మాట రాకపోతే చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ఇంకా ఫోనుకి కలిసే ఉందేమో చూడు.

పిల్లలు పదహారుమంది అయ్యాక ఇల్లు చాల్లేదు, రామమందిరంలోకి మార్చాం. అక్కడున్నది పాత టీవీ, స్మార్ట్ కాదు, వైఫై కూడా లేదు. టీవీకి బొమ్మ, మాట అందించే హెచ్‌డీఎంఐ సందులో పెట్టే చిన్న మిరాకాస్ట్ పరికరం, డాంగుల్ అంటారు, అది కొన్నాను. పది నిమిషాలు పనిచేస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. నేను ఫోనుదే తప్పనుకున్నాను. తీరా చూస్తే దానికి కరెంటు టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి ఇచ్చాం, మామూలు యూఎస్‌బీ 2.0 సందు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే, దానికి అది చాలడం లేదు. ఫోను ఛార్జర్‌కి తగిలించాను, ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. ఫోను ఛార్జింగ్ సందు నుంచి టీవీకి కలిపే టైప్-సి హెచ్‌డీఎంఐ తీగ, నీ అన్నయ్య చెప్పినది, మాత్రం కనుక్కోకుండా కొనకు, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సందులోంచి బొమ్మ రాదు, ఛార్జింగే అవుతుంది.

పిల్లల ముందు పెట్టేటప్పుడు డూ నాట్ డిస్టర్బ్ తప్పకుండా పెట్టు. మొదటి వారం పాఠం మధ్యలో మా తమ్ముడి ఆసుపత్రి మెసేజ్ టీవీ మీద అంత పెద్దగా పడింది. వాడి బాధ వాడిది, వీధంతా చదవాల్సింది కాదు కదా, నాకు చాలా బాధ అనిపించింది.

మా పెద్దది ఇప్పుడు గుణింతం తప్పు లేకుండా చదువుతోంది. 29న రామమందిరంలో పిల్లల చేత ఒక్కొక్క పేరా చదివిద్దామని అనుకున్నాం, మీ చంటోణ్ని కూడా తీసుకురా, గుణుపూర్ మీదుగా వస్తే మధ్యాహ్నానికల్లా చేరతారు. వచ్చేటప్పుడు ఐదు వోల్టుల ఛార్జర్ ఒకటి అదనంగా పట్టుకురా, మందిరంలో ఉన్న ఒక్కటీ ఆ రోజు పాడైతే ఇంకోటి లేదు. నీ ఫోనులో టీవీ పేరు వచ్చిందా లేదా ఈ రాత్రికే చెప్పు.

నీ
బావ