ఈ వేసవిలో నాకు రక్తం ఇచ్చిన మీ అందరికీ

నా కోసం రక్తం ఇచ్చినవాళ్లకి, ఇద్దామని వచ్చి కుదరక వెనక్కి వెళ్లినవాళ్లకి, నాన్న పెట్టిన మెసేజ్‌ని పదిమందికీ పంపినవాళ్లకి నమస్కారం. మీలో చాలామంది నన్ను చూడనే లేదు. మీరిచ్చిన రక్తం ఏమైందో, ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో మీకు చెప్పాలనిపించింది.

మాది విజయనగరం. నాకు 21 ఏళ్లు. ఏడాది నిండకముందే తలసీమియా మేజర్ అని తేలింది. ఒంట్లో ఎర్ర రక్తకణాలు సరిగ్గా తయారు కావు కాబట్టి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. దాంతోపాటు ఇనుము కూడా ఒంట్లో పేరుకుపోతుంది. అది గుండెనీ కాలేయాన్నీ దెబ్బతీయకుండా రోజూ పరగడుపున డెఫెరసిరాక్స్ మాత్ర నీళ్లలో కరిగించి తాగుతాను. సూదులూ మాత్రలూ చిన్నప్పటి నుంచీ అలవాటే. రక్తం దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. నాది బి నెగెటివ్.

ఎండాకాలం వస్తే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. కాలేజీలకి సెలవులు, రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి. ఈసారి నా తేదీ దాటిపోయింది. హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది. లేచి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చుకుంటే చాలు, గుండె దడ. అప్పుడొచ్చారు మీరు.

ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసే బాబాయి గారు నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేశారు. నిద్ర లేకుండా ఇవ్వకూడదని సిస్టర్ అంటే, ఇంటికి వెళ్లకుండా అక్కడి బెంచీ మీదే సంచి తలకింద పెట్టుకుని పడుకున్నారు. లేచి, నాలుగు ఇడ్లీలు తిని, మధ్యాహ్నం ఇచ్చి వెళ్లారు. ఇంకో టీచర్ మేడమ్‌కి హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేదని తీసుకోలేదు. ఆవిడ బయటికి రాగానే చీపురుపల్లిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశారట. గంటన్నరలో ఆ అన్న బైక్ మీద చెమటలు కక్కుకుంటూ దిగాడు. మేడమ్, మీరు ఇవ్వలేదని బాధపడ్డారని విన్నాను. ఆ రోజు నాకెక్కిన రక్తంలో మీ వాటా కూడా ఉంది.

ఇక మీ రక్తం తిరిగిన ఊళ్లు చెబుతాను. నాకు పక్షుల ఫోటోలు తీయడం పిచ్చి. రక్తం ఎక్కాక వారం పది రోజులు ఒళ్లు నా మాట వింటుంది, ప్రయాణాలన్నీ ఆ రోజుల్లోనే. వానలు పడ్డాక ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్లాను. నత్తగుల్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లల ముక్కుకి ఆ సందు ఇంకా రాదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఆ తేడా కెమెరాలో స్పష్టంగా పట్టుకునేసరికి ఎంత సంతోషమో! ఒక అవ్వ నన్ను చూసి, "ఏటి బాబూ, ఎండలో నిల్చున్నావు, ఇలా వచ్చి కూకో" అని చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ ఊరివాళ్లు పిట్టల్ని కొట్టరు, కొట్టనివ్వరు. వాళ్లకి కూడా ఇక్కడే దండం పెడుతున్నాను.

తర్వాత శాలిహుండం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాల కొండ అది. రక్తం తక్కువున్న రోజుల్లో మా వీధి మేడమెట్లే నాకు కొండ. అలాంటిది శాలిహుండం పైదాకా ఎక్కాను. మధ్యలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పైనుంచి వంశధార కనిపించగానే నాన్నకి వీడియో కాల్ చేస్తే ఆయన నదిని చూడలేదు, నా మొహంలో రంగే చూస్తూ ఉండిపోయారు.

పెళ్లి కుదిరినవాళ్లకి ఒక మాట. మా అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరికీ తలసీమియా మైనర్ ఉందని నేను పుట్టాకే తెలిసింది. మైనర్ ఉన్న మనిషి మామూలుగానే ఉంటాడు, పైకేమీ తెలియదు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకి మేజర్ వచ్చే అవకాశం నూటికి పాతిక. జాతకాలు చూపించుకునేటప్పుడే, మైనర్ ఉందో లేదో చెప్పే హిమోగ్లోబిన్ ఏ2 రక్తపరీక్ష కూడా చేయించుకోండి. మేనరికమైనా, బయటి సంబంధమైనా.

మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి మళ్లీ రక్తం ఇవ్వొచ్చు. ఆ లెక్క నేను గుర్తుచేయక్కర్లేకుండా, మీలో కొందరు మీ అంతట మీరే ఫోన్ చేసి "నీ తేదీ ఎప్పుడు తమ్ముడూ" అని అడుగుతున్నారు. నాకే కాదు, నా పక్క మంచం మీద ఎక్కించుకునే చిన్నపిల్లలకి కూడా ఇస్తున్నారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

చలికాలంలో తేలినీలాపురం వెళ్తున్నాను, గూడబాతులు వచ్చే ఊరు. నౌపడా జంక్షన్‌లో దిగితే దగ్గరే. మీలో ఎవరికి వీలైతే వాళ్లు పిల్లల్ని తీసుకుని రండి. ఏ చెట్టు కింద నిలబడితే గూళ్లు బాగా కనిపిస్తాయో నేను చూపిస్తాను. టిఫిన్ మా అమ్మ కట్టి పంపుతుంది. బాబాయి గారూ, ఆ రోజుకి మీరు సెలవు పెట్టాల్సిందే.