వ్యాట్ రోజుల్లో ఆపేసిన చేతులతో జీఎస్టీ పద్దులు రాయించిన వాళ్లకి

పెళ్లి, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం... కారణం ఏదైతేనేం, వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) ఉన్నప్పుడు అకౌంట్స్ ఉద్యోగం మానేసి, ఇప్పుడు మళ్లీ బయల్దేరిన విజయవాడ ఆడవాళ్లం మేము. సాయం చేసినవాళ్లకి "చాలా థ్యాంక్స్ అండీ" అని ఊరుకుంటే వాళ్లు నేర్పిందేమిటో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరు ఏం నేర్పారో విడమరిచి రాస్తున్నాం.

మొదటి నమస్కారం ఆడిటర్ గారికి. డెబిట్, క్రెడిట్ ఎక్కడికీ పోలేదమ్మా, మీరు మర్చిపోయింది లెక్కలు కాదు, మీకు తెలియనిది తేదీలు అన్నారు. నెలకి ఆయన గీసిచ్చిన గీతలు ఇవీ: 7కల్లా టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను) కట్టాలి. 11కి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల బిల్లుల రిటర్న్. 14న 2బి, అంటే అమ్మినవాళ్లు వేసిన బిల్లుల నుంచి మన కొనుగోళ్ల జాబితా, తయారవుతుంది. 15 లోపు పీఎఫ్, ఈఎస్ఐ. 20కి 3బి, అంటే పన్ను లెక్కతేల్చి కట్టే రిటర్న్. అయిదు కోట్ల లోపు టర్నోవర్ ఉండి మూడు నెలల రిటర్న్ ఎంచుకున్న పార్టీ అయితే, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 3బి గడువు త్రైమాసికం తర్వాతి నెల 22. పన్ను మాత్రం మొదటి రెండు నెలలకీ తర్వాతి నెల 25 లోపు కట్టాలి. ఆ 25నే చాలామంది మర్చిపోతారు, రిటర్న్ లేదు కదా అని.

ఆయన ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న పిల్లలకి ప్రత్యేకంగా. మాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. 2బి సరిచూడటం నేర్పింది వీళ్లే. అసలు ఉద్యోగం అంతా ఇక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. పూర్వం కొనుగోలు బిల్లు చేతిలో ఉంటే చాలు, క్రెడిట్ తీసుకునేవాళ్లం, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకునేవాళ్లం. 2022 జనవరి 1 నుంచి ఆ బిల్లు మన 2బిలో కనిపిస్తేనే క్రెడిట్. అంటే అమ్మినవాడు తన జీఎస్టీఆర్-1లో వేయాలి, సరిగ్గా వేయాలి.

వాళ్లు చూపించిన పద్ధతి ఇది. కొనుగోలు రిజిస్టర్నీ 2బినీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి, జీఎస్టీఐఎన్ (వ్యాపారి జీఎస్టీ నంబరు), బిల్లు నంబరు కలిపి ఒక కాలమ్ చేసి, ఒక షీట్‌లోది ఇంకోదాంట్లో వెతికే వీలుకప్ ఫార్ములాతో పోల్చాలి. మొదటిసారి సగం దొరకవు, భయపడొద్దు. ఒక షీట్‌లో నంబరు "045" అని టెక్స్ట్‌గా, ఇంకోదాంట్లో 45 అని అంకెగా ఉంటుంది. ఒకరు "/24-25" తగిలిస్తారు, ఇంకొకరు తగిలించరు. వెనక కనిపించని ఖాళీ ఒకటి ఉంటుంది, దాన్ని ట్రిమ్‌తో తీసేయాలి. ఇవన్నీ శుభ్రం చేశాక ఇంకా దొరకనివాటిని బిల్లు నంబరు వదిలేసి జీఎస్టీఐఎన్, పన్ను మొత్తంతో పోల్చాలి. అప్పటికీ మిగిలిన నాలుగైదింటికే ఫోన్ చేయాలి. 11 దాటాక వేసిన బిల్లయితే వచ్చే నెల 2బిలో వస్తుంది. మూడు నెలల రిటర్న్ పార్టీ మొదటి రెండు నెలల బిల్లులు తర్వాతి నెల 13 లోపు ఎక్కించకపోతే త్రైమాసికం అయ్యాకే కనిపిస్తుంది. మన జీఎస్టీఐఎన్ వేయకుండా మామూలు కస్టమర్ కింద వేసేస్తే మాత్రం వాళ్లు సరిదిద్దేదాకా రాదు. అడగకపోతే సరిదిద్దరు కూడా. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30తో ఆ ఏడాది క్రెడిట్ తలుపు మూసుకుంటుంది (వార్షిక రిటర్న్ అంతకన్నా ముందే వేసేస్తే అప్పుడే), కాబట్టి మొహమాటం పనికిరాదు.

3బి గురించి ఒక పిల్ల చెప్పిన మాట: 2025 జులై నెల రిటర్న్ నుంచి జీఎస్టీఆర్-1లో చూపిన అమ్మకాల పన్ను 3బిలోకి వచ్చి పడుతుంది, అక్కడ చేత్తో మార్చలేం. తప్పుంటే 3బి వేయకముందే జీఎస్టీఆర్-1ఏలో దిద్దాలి, అది కూడా నెలకి ఒక్కసారే. "11న తొందరపడి వేసి 20న సర్దుకుందాం" అనే పాత అలవాటు ఇక చెల్లదు.

రాష్ట్రం విడిపోకముందే ఉద్యోగం మానేసినవాళ్లకి ఇంకో చిక్కు. ఒకప్పుడు విజయవాడ నుంచి హైదరాబాద్ బిల్లు అంటే సొంత రాష్ట్రం బిల్లే. 2014 జూన్ 2 తర్వాత అది పక్క రాష్ట్రం. సొంత రాష్ట్రమే అన్న పాత అలవాటుతో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకాలకి) వేస్తే తప్పు, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాలకి) వేయాలి. జీఎస్టీఐఎన్ మొదటి రెండంకెలు చూడమన్నారు: మనది 37, తెలంగాణ 36. పొరపాటున వేసిన పన్ను సరైన పద్దులోకి దానంతటది మారదు. సరైనది మళ్లీ కట్టి, తప్పుగా కట్టినదాన్ని రీఫండ్‌కి పెట్టుకోవాలి. ఆ మధ్యలో ఓనర్ మొహం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

లారీ ఆఫీసు బాబాయ్ గారికి దండాలు. సరుకు వెంట పంపే వే బిల్లు మనకి పాతదే, ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు కొత్త. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 దాటితే కావాలి. పార్ట్ ఏ (సరుకు, బిల్లు వివరాలు) ఆఫీసులో నింపేసి బిల్లు అయిపోయిందనుకోవడమే అందరూ చేసే తప్పు. లారీ నంబరు వేసే పార్ట్ బి పడితేగానీ గడువు మొదలుకాదు. ప్రతి 200 కిలోమీటర్లకి, అందులో భాగానికైనా, ఒక రోజు. హైదరాబాద్ సుమారు 275 కాబట్టి రెండు రోజులు. దారిలో లారీ పాడై సరుకు వేరే బండిలోకి మార్చితే కొత్త నంబరుతో పార్ట్ బి మార్చాలి. గడువు పొడిగించాలంటే ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకానే. రద్దు చేయాలంటే 24 గంటల లోపు. కిరాయి గురించి కూడా బాబాయ్ గారే కళ్లు తెరిపించారు: కన్‌సైన్‌మెంట్ నోట్ ఇచ్చే ట్రాన్స్‌పోర్టు కంపెనీ తన బిల్లులో పన్ను వేయకపోతే, ఆ అయిదు శాతం రివర్స్ చార్జ్ కింద మనమే కట్టాలి. క్రెడిట్‌తో సర్దకూడదు, డబ్బే కట్టాలి. కట్టినదాన్ని అదే నెల క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఫ్రైట్‌ని ఖర్చు పద్దులో రాసి వదిలేస్తే ఆడిట్‌లో వడ్డీతో తేలుతుంది.

ఇనుము, సిమెంటు డీలర్ గారి రుణం తీర్చలేం. పార్టీల పేర్లు చెరిపేసి, మూడు నెలల నిజమైన డేటా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు. కోర్సుల్లో ఇచ్చే పది బిల్లుల లెక్కకీ దీనికీ పోలికే లేదు. అందులో 2025 సెప్టెంబర్ 22 ఉంది, సిమెంటు 28 నుంచి 18కి దిగిన రోజు. పద్దులు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో, ఐటెమ్ మాస్టర్‌లో (సరుకు వివరాలు ఉండే చోట) పాత రేటు చెరిపి కొత్తది వేస్తే వెనకటి బిల్లులు తెరిచినప్పుడల్లా గొడవే. తేదీ వేసి కొత్త రేటు చేర్చాలి, పాతది అలాగే ఉండాలి. ఆగస్టులో అమ్మిన బస్తాలు అక్టోబర్‌లో వాపసొస్తే క్రెడిట్ నోట్ 28 శాతానికే.

ట్యాలీ సెంటర్ అక్క ఫీజు తీసుకోలేదు. ఎఫ్4 నుంచి ఎఫ్9 దాకా వోచర్లు అవే అని చెప్పాక సగం భయం పోయింది. మారినవి కొన్నే: క్రెడిట్ నోట్ కంట్రోల్ ఎఫ్8 కాదు ఆల్ట్ ఎఫ్6, డెబిట్ నోట్ ఆల్ట్ ఎఫ్5, ఏది ఎక్కడుందో తెలియకపోతే ఆల్ట్ జి. కంపెనీల పద్దుల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ వోచర్ ఎవరు ఎప్పుడు దిద్దారో ఉండిపోతుంది, కాబట్టి మార్చి నెలాఖరున వెనక్కి వెళ్లి "చిన్న సర్దుబాటు" చేసే రోజులు పోయాయి.

హెచ్ఆర్‌లో పనిచేసే చెల్లి రెజ్యూమేలు దిద్దింది. గ్యాప్‌ని దాచొద్దు, ఒక్క లైనులో ఏళ్లు రాసి, కిందే ఇప్పుడు చేయగలిగినవి రాయమంది: 2బి సరిచూడటం, ఈ-ఇన్‌వాయిస్ (పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు), ఈ-వే బిల్లు. పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు) ఉంటే వెతికి అదే కొత్త చోట ఇవ్వాలనీ, కొత్తది పుట్టిస్తే పాత సర్వీసు విడిపోతుందనీ చెప్పింది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి పీఎఫ్‌లో మారకపోతే ముందే దిద్దించుకోవాలి, చేరాక మొదలుపెడితే మొదటి నెల పీఎఫ్ దగ్గరే ఆగుతుంది. ఇంటర్వ్యూలో అడిగేది ఒకటే అని పందెం కాసింది: "2బిలో లేని బిల్లుని ఏం చేస్తారు?" అడిగారు.

డీలర్ గారూ, పెన్‌డ్రైవ్ మా దగ్గరే భద్రంగా ఉంది. ఇంకో ముగ్గురు అడుగుతున్నారు. మీరు సరేనంటే వాళ్లకిచ్చి, మార్చి లోపు తెచ్చి ఇస్తాం.