గోల్ఫ్ అంటే సెయింట్ ఆండ్రూస్ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లండ్ గోల్ఫ్ మీద వచ్చిన వ్యాసం చదివి, పోనీలే అని ఊరుకున్నాను. పోయిన వారం రెండో భాగం కూడా అలాగే ఉండేసరికి రాయక తప్పలేదు. మళ్లీ అదే ప్రఖ్యాత గోల్ఫ్ ఊరు సెయింట్ ఆండ్రూస్ రాతి వంతెన ఫొటో, మళ్లీ అదే ‘సంపన్నుల క్రీడ’ అన్న మాట.

నేనుండే స్టిర్లింగ్‌కి దగ్గర్లో క్యాలండర్ అని చిన్న ఊరుంది, జనాభా మూడు వేల చిల్లర. అక్కడి గోల్ఫ్ కోర్సును 1890లో ఆ కాలపు పేరున్న గోల్ఫ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ రూపొందించాడు. సముద్రం లేదు, ఇసుక దిబ్బలు లేవు. చెట్లు, ఎగుడుదిగుడు పచ్చిక, ఎదురుగా బెన్ లెడీ కొండ. పొడవు ఐదు వేల గజాల పైచిలుకే. తేలికే కదా అనుకుంటే 15వ హోల్ (బంతి పడాల్సిన గుంత) దగ్గర తెలిసొస్తుంది. దూరం తక్కువే గానీ ఇరుకైన చెట్ల సందులోంచి బంతి కొట్టాలి. పార్క్‌లాండ్ కోర్సు అంటే ఇదీ. మీ వ్యాసకర్త సెయింట్ ఆండ్రూస్‌ను కూడా పార్క్‌లాండ్ అనేశారు! అది సముద్రపొడ్డున ఇసుక నేల మీది లింక్స్ కోర్సు, వాన నీరు ఇట్టే ఇంకిపోతుంది. పార్క్‌లాండ్ బరువు మట్టి అలా కాదు, చలికాలం చిత్తడైతే ఆట బందే. ఇది తెలుసుకోవడానికి విమానం ఎక్కక్కర్లేదు, ఎవరికైనా ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఒకప్పుడు పత్రికలు అచ్చుతప్పుకు కూడా మర్నాడు సవరణ వేసేవి.

ఇక సంపన్నుల సంగతి. జనం విలువిద్య సాధన మానేసి ఆటల్లో పడ్డారని 1457లో ఇక్కడి పార్లమెంటు గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధించింది. నలుగురు జమీందార్లు ఆడుకుంటే అంత కంగారెందుకు? 2003 భూసంస్కరణల చట్టం ప్రకారం ఆటకు అడ్డు రాకుండా, గ్రీన్లు (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) తొక్కకుండా ఎవరైనా గోల్ఫ్ కోర్సు మీదుగా నడిచి దాటొచ్చు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మామూలు ఆదివారాల్లో ఆటే ఉండదు, జనం కుక్కల్ని తీసుకుని షికారుకొస్తారు. పార్కులో నడవడానికి కూడా టికెట్టు పెట్టే మన పెద్దలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అసలు రాయాల్సింది వేరే ఉంది. డండీ నగరంలో కౌన్సిల్ నడిపిన క్యాంపర్‌డౌన్ పార్క్‌లాండ్ కోర్సు 2020లో మూతపడింది. తక్కువ ఖర్చుతో మామూలు మనిషి ఆడుకునేవి ఇలాంటివే. ఖర్చు తగ్గించాలంటే ఏ దేశపు అధికారులకైనా ముందు ఆటస్థలాలే కనిపిస్తాయి కాబోలు. అవన్నీ పోయాక గోల్ఫ్ నిజంగానే సంపన్నుల క్రీడ అవుతుంది, మీ వ్యాసం కూడా నిజమవుతుంది.

మూడో భాగం టర్న్‌బెర్రీ మీదట. 2014లో ట్రంప్ గారు కొనుక్కున్న ఆ రిసార్టుకు మీ ప్రచారం అవసరమా? అందులో సగం పేజీ క్యాలండర్ లాంటి ఊళ్లకివ్వండి. ఫొటోలు నేను పంపుతాను, డబ్బులేమీ వద్దు.

— ఒక పాఠకుడు, స్టిర్లింగ్, స్కాట్లండ్